రోజువారీ ఉష్ణోగ్రతల సగటు: మీ ప్రశ్నలు, నా జవాబులు

రోజూ థర్మామీటరు చూసి నోటుబుక్కులో రాసుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారని ఈసారి ఉత్తరాలు చూశాకే తెలిసింది. ఉద్యోగమంతా వాతావరణ పరిశీలన కేంద్రంలో రిజిస్టరు రాస్తూ గడిపినదాన్ని. అందుకే వీటిని చదువుతుంటే చాలా సంతోషమేసింది. ఒకే రకంగా ఉన్న ప్రశ్నలను కలిపేశాను. కూడడం, భాగించడం అందరికీ వచ్చు. ఏం కూడుతున్నాం, ఎన్నిటితో భాగిస్తున్నాం అన్న దగ్గరే మీలో చాలామందికి చిక్కు వచ్చింది. కాబట్టి జవాబులన్నీ దాదాపు ఆ చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. స్కూల్ ప్రాజెక్టు కోసం వారం రోజులు మధ్యాహ్నం 2 గంటలకు ఉష్ణోగ్రత రాశాను: 31.2, 32.0, 30.6, 33.4, 34.1, 32.8, 31.6. కాలిక్యులేటర్‌లో సగటు 32.242857 వచ్చింది. అంతా రాస్తే మా సార్ 32.2 చాలన్నారు. మిగతా అంకెలు తీసేస్తే లెక్క తప్పు కాదా?

జవాబు: కాదమ్మా, మీ సార్ చెప్పిందే సరైన పద్ధతి. నీ థర్మామీటరు డిగ్రీలో పదో వంతు వరకే చూపిస్తుంది. దాని రీడింగుల నుంచి డిగ్రీలో పది లక్షల వంతు ఎలా తెలుస్తుంది చెప్పు? మొత్తం 225.7. దాన్ని 7తో భాగిస్తే శేషం తెగదు, కాలిక్యులేటర్ తెర నిండేదాకా అంకెలు వస్తూనే ఉంటాయి. అవి భాగహారం వల్ల పుట్టినవే గాని నువ్వు కొలిచినవి కావు. అయితే ఒక జాగ్రత్త ఉంది. సవరించడం ఎప్పుడూ చివర్లోనే చేయాలి. ముందే 31, 32, 31, 33 అని రీడింగులనే గుండ్రం చేసి కూడితే సగటు పక్కకు జరిగే ప్రమాదం ఉంది.

ఈ ఏడింటినీ కాలిక్యులేటర్ లేకుండా ఎలా చేయొచ్చో చూపిస్తాను. నీ పై తరగతి పుస్తకంలో ‘ఊహించిన సగటు’ పేరుతో వచ్చే పద్ధతే ఇది. చూడగానే అన్నీ 32 చుట్టూ ఉన్నాయని తెలుస్తోంది కదా. 32 నుంచి ఒక్కోటి ఎంత దూరంలో ఉందో రాసుకో: మైనస్ 0.8, సున్నా, మైనస్ 1.4, ప్లస్ 1.4, ప్లస్ 2.1, ప్లస్ 0.8, మైనస్ 0.4. రెండు 1.4లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రెండు 0.8లూ అంతే. మిగిలింది 2.1లోంచి 0.4 తీసేయడం, అంటే 1.7. దాన్ని 7తో భాగిస్తే 0.24. 32కి కలిపితే 32.24. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో నెల రిజిస్టరు మేం ఇలాగే ముగించేవాళ్లం. 225.7 లాంటి పెద్ద మొత్తంలో తప్పు దొర్లితే కంటికి ఆనదు, చిన్న తేడాల్లో అయితే వెంటనే పట్టేస్తాం.

ప్రాజెక్టులో శీర్షిక మాత్రం మార్చు. ‘ఈ వారం సగటు ఉష్ణోగ్రత’ అని రాస్తే అందులో రాత్రులు కూడా ఉన్నాయనుకుంటారు. నీ దగ్గర ఉన్నవి మధ్యాహ్నపు రీడింగులే. ‘మధ్యాహ్నం 2 గంటల ఉష్ణోగ్రతల వారపు సగటు’ అని రాయి.

ప్రశ్న: నా దగ్గర మూడు గంటలకోసారి తనంతట తానే రికార్డు చేసే చిన్న సెన్సర్ ఉంది. ఒక రోజు వివరాలు పంపుతున్నాను. అర్ధరాత్రి 25.0, తెల్లవారుజామున 3కి 24.2, ఉదయం 6కి 23.6, 9కి 27.4, మధ్యాహ్నం 12కి 32.2, 3కి 34.0, సాయంత్రం 6కి 30.0, రాత్రి 9కి 26.8. వీటి సగటు 27.9. కానీ ఆ రోజు గరిష్ఠం 34.4, కనిష్ఠం 23.4 అని అదే సెన్సర్ చెబుతోంది. ఆ రెండింటినీ కూడి సగం చేస్తే 28.9. ఒకే రోజుకి రెండు సగటులేమిటి? ఏది నమ్మాలి?

జవాబు: మీరు అంకెలన్నీ పంపి చాలా మేలు చేశారు. వాటిని చూస్తే జవాబు అక్కడే కనిపిస్తుంది. అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా ఉష్ణోగ్రత 25 నుంచి 23.6కి మెల్లగా జారింది. ఆరు గంటల్లో దిగింది డిగ్రీన్నర కూడా లేదు. సూర్యుడు పైకొచ్చాక అంతకంటే వేగంగా ఎక్కింది, మధ్యాహ్నం 3 ప్రాంతంలో శిఖరం తాకింది, వెంటనే దిగడం మొదలుపెట్టింది. రోజులో ఎక్కువ గంటలు చల్లటి వైపే గడిచాయి. మీ ఎనిమిది రీడింగుల్లో ఐదు 28 కంటే తక్కువే ఉన్నాయి చూడండి. గరిష్ఠ, కనిష్ఠాలను సగం చేసే లెక్కకు ఈ సంగతి తెలియదు. శిఖరం మీద కాసేపే ఉన్నా, లోయలో రాత్రంతా ఉన్నా ఆ లెక్కలో రెండింటికీ సమాన వాటా.

రోజంతా సమాన విరామాలతో తీసిన రీడింగుల సగటే రోజు సగటుకు దగ్గర. గంటకొకటి చొప్పున 24 ఉంటే ఇంకా మంచిది. అలాగని రెండో పద్ధతిని తీసిపారేయకండి. చాలా దేశాల్లో, చాలా కాలం పాటు పరిశీలకుల చేతిలో ఉన్నది గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్లే. రాత్రి 3 గంటలకు లేచి చూసే మనిషి లేకపోయినా రోజుకి రెండు నమ్మకమైన అంకెలు వచ్చేవి. వందేళ్ల పైబడిన రికార్డులు వాటితోనే కట్టినవి. వాటితో పోల్చాలంటే మీరూ అదే పద్ధతిలో లెక్క కట్టాలి. ఒక నెల ఒక పద్ధతి, మరో నెల ఇంకో పద్ధతి అంటే మాత్రం ఆ రికార్డు దేనికీ పనికిరాదు. మీ డిగ్రీ తేడా చూశారుగా, వాతావరణం మారకుండానే నెల ఒక డిగ్రీ వేడెక్కినట్టు కనిపిస్తుంది.

ఈ రెండింటికీ మధ్య ఒక అందమైన దారి ఉంది. 1780లో జర్మనీలోని మన్‌హైమ్‌లో ఏర్పడిన వాతావరణ సంఘం, వేరువేరు దేశాల్లోని తన పరిశీలకులందరికీ ఉదయం 7, మధ్యాహ్నం 2, రాత్రి 9 అని ఒకే వేళలు పెట్టింది. ఆ వేళల మీద తర్వాత ఒక సూత్రం నిలబడింది. ఉదయం, మధ్యాహ్నం రీడింగులను ఒక్కోసారి, రాత్రి 9 రీడింగును రెండుసార్లు కూడి, 4తో భాగించాలి. రాత్రి రీడింగుకు రెండు వాటాలు ఎందుకంటే, ఎవరూ చూడని ఆ నిద్రవేళ గంటల తరఫున నిలబడేది అదే. జర్మనీలో ఈ సూత్రం చాలా కాలం వాడుకలో ఉంది. మీ సెన్సర్ ఉదయం 7కి 24.4, మధ్యాహ్నం 2కి 33.8 చూపించిందనుకుందాం. మీరు పంపిన వాటి మధ్య ఆ అంకెలు సరిగ్గా ఇముడుతాయి. 24.4, 33.8, రెండు 26.8లు కలిపితే 111.8. నాలుగో వంతు 27.95. ఎనిమిది రీడింగుల సగటు 27.9 పక్కనే వచ్చి కూర్చుంది! మూడంటే మూడు రీడింగులతో. ఎన్నిసార్లు చేసి చూసినా నాకు ముచ్చటేస్తుంది.

మరొకరు ఇలాగే అడిగారు, కానీ ఆయన రీడింగులు ఉదయం 6, 7, 8, 9, తర్వాత మధ్యాహ్నం 3, రాత్రి 9. ఆరింటినీ కూడి 6తో భాగిస్తే ఉదయానికే నాలుగు ఓట్లు పడతాయి. అలా చేయొద్దు. సమాన విరామంలో ఉన్నవాటినే ఏరుకోండి, లేదా ఒక్కో రీడింగు ఎన్ని గంటలకు ప్రతినిధిగా ఉందో ఆ గంటలతో గుణించి కూడి, 24తో భాగించండి.

ప్రశ్న: నెలలో నాలుగు రోజులు ఊళ్లో లేను. ఎక్సెల్‌లో ఆ నాలుగు గడుల్లో సున్నా పెట్టాను. సగటు 27.3 వచ్చింది. నెలంతా 30 దాటే ఉందని నాకు గుర్తు. ఎక్కడ పొరపాటు?

జవాబు: ఆ సున్నాల దగ్గరే. సున్నా డిగ్రీలు అంటే నీళ్లు గడ్డకట్టే చలి. ‘చూడలేదు’ అన్న అర్థం దానికి లేదు. మీ 26 రీడింగుల మొత్తం 819 అయి ఉండాలి. దాన్ని 30తో భాగిస్తే 27.3, 26తో భాగిస్తే 31.5. మీ గుర్తు నిజమే, నెల 30 పైనే ఉంది. గడి ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్‌లోని సగటు ఫార్ములా దాన్ని లెక్కలోకి తీసుకోదు, సున్నా పెడితే తీసుకుంటుంది. కొన్ని పరికరాలు రీడింగు అందనప్పుడు మైనస్ 99.9 లాంటి గుర్తు రాస్తాయి, దాన్ని ముందే వెతికి తీసేయండి. మా రిజిస్టరులో చూడని రోజుకి ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీత పెట్టేవాళ్లం. ఆ గీతను చూస్తే ఎవరికీ అంకె అన్న భ్రమ కలగదు.

ఎన్ని రోజులు పోతే నెల సగటు కట్టకూడదు అని అడిగినవాళ్లూ ఉన్నారు. ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 11 లేదా అంతకంటే ఎక్కువ రోజులు లేకపోయినా, వరసగా 5 లేదా అంతకంటే ఎక్కువ రోజులు లేకపోయినా ఆ నెలకు సగటు ఇవ్వకూడదు. వరసగా పోయిన రోజుల మీద అంత పట్టింపు ఎందుకో ఆలోచించండి. అక్కడొకటి ఇక్కడొకటి పోతే మిగిలిన రోజులు వాటి లోటును చాలావరకు పూడుస్తాయి. ఎండ ముదిరిన వారమే మొత్తంగా పోతే, మిగిలిన ఇరవై చిల్లర రోజులూ కలిసి కూడా ఆ వారం గురించి ఏమీ చెప్పలేవు. మీ నాలుగు రోజులు వరసగా పోయినా ఈ హద్దు దాటలేదు కాబట్టి 31.5 రాసుకోండి. పక్కనే ‘26 రోజులు’ అని కూడా రాయండి. ఆ మాట లేని సగటు చూస్తే నాకు మనసు ఒప్పదు.

ప్రశ్న: ప్రతి ఆదివారం ఆ వారం సగటు కట్టి, నెలాఖరులో ఆ వారపు సగటులకే మళ్లీ సగటు కడతాను. నాలుగు వారాలకు 30, 31, 32, 31 వచ్చాయి. చివర మిగిలిన రెండు రోజుల సగటు 35. మొత్తానికి 31.8. సరేనా?

జవాబు: సరి కాదు. ఆ రెండు రోజులకు మీరు వారం అంత బరువు ఇచ్చారు. నాలుగు వారాల సగటుల మొత్తం 124, దాన్ని 7తో గుణిస్తే 868. చివరి రెండు రోజులు 70. రెండూ కలిపితే 938, 30తో భాగిస్తే 31.3. సగటులకు సగటు కట్టాలంటే వాటి వెనక ఉన్న రోజుల సంఖ్య సమానంగా ఉండాలి, లేదంటే ఇలా రోజులతో గుణించాలి. పన్నెండు నెలల సగటుల నుంచి ఏడాది సగటు కట్టేటప్పుడూ 28 రోజుల నెల, 31 రోజుల నెల ఉంటాయి కాబట్టి తేడా వస్తుంది. అది చాలా కొద్దిగానే ఉంటుంది గనుక దానికి టెన్షన్ అక్కర్లేదు.

ప్రశ్న: మా నాన్నగారు ఫారెన్‌హీట్‌లో రాసిన పాత డైరీలు దొరికాయి. ఒక్కో రీడింగును సెల్సియస్‌లోకి మార్చి సగటు కట్టాలా, సగటు కట్టాక మార్చినా ఒకటేనా?

జవాబు: ఒకటే. 86, 95ల సగటు 90.5, మారిస్తే 32.5 సెల్సియస్. విడివిడిగా మారిస్తే 30, 35, వాటి సగటూ 32.5. కాబట్టి చివర్లో ఒక్కసారి మార్చుకోండి, శ్రమ తగ్గుతుంది. ఒకే నెలలో రెండు కొలమానాలూ కలిసిపోయాయేమో మాత్రం చూసుకోండి. ఆ డైరీలను దయచేసి పారేయకండి. తెలిసిన వేళకి, తెలిసిన చోట, రోజూ ఒకే మనిషి తీసిన రీడింగులు చాలా విలువైనవి.

ప్రశ్న: సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి 5 గంటలకు గరిష్ఠ కనిష్ఠ థర్మామీటరు చూసి, రాసుకుని, రీసెట్ చేస్తాను. నీడలోనే పెట్టాను, గాలి బాగా తగులుతుంది, పరికరం మంచిదే. అయినా నా నెల సగటు దగ్గర్లోని వాతావరణ కేంద్రం కంటే ఎప్పుడూ ఎక్కువే వస్తోంది. ఎందుకు?

జవాబు: ఈ ఉత్తరం రాసినవారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. పరికరంలో లోపం లేకుండా, లెక్కలో తప్పు లేకుండా సగటు తప్పే అరుదైన సందర్భం ఇది. కారణం మీరు చూసే వేళ.

మీది యు ఆకారపు గొట్టం ఉన్న రకం అయి ఉంటుంది. జేమ్స్ సిక్స్ అనే ఆంగ్లేయుడు 18వ శతాబ్దం చివర్లో తయారుచేసింది అదే. లోపల పాదరసం కదులుతూ చిన్న ఇనుప సూచికను తోస్తుంది. పాదరసం వెనక్కి తగ్గినా సూచిక ఎక్కడిదాకా వెళ్లిందో అక్కడే ఉండిపోతుంది. మీరు అయస్కాంతంతో దాన్ని లాగి మళ్లీ పాదరసానికి ఆనిస్తారు. అదే రీసెట్. అయితే రీసెట్ చేసిన క్షణంలో సూచిక నిలబడేది ఎక్కడ? ఆ వేళకు ఉన్న ఉష్ణోగ్రత దగ్గర. ఇదే కీలకం.

సోమవారం బాగా ఎండకాసి 38.4 దాకా వెళ్లిందనుకోండి. మీరు 5 గంటలకు చూసేసరికి ఇంకా 36.8 ఉంది. 38.4 రాసుకుని రీసెట్ చేశారు. సూచిక ఇప్పుడు 36.8 దగ్గర నిలబడింది. మంగళవారం మబ్బు పట్టి గరిష్ఠం 33 దాటలేదు. పాదరసం సూచిక దాకా రానే లేదు, కాబట్టి అది కదల్లేదు. మంగళవారం సాయంత్రం మీరు చదివేది 36.8. అది మంగళవారానిది కాదు, సోమవారం సాయంత్రం ఎండే మళ్లీ మీ పుస్తకంలోకి వచ్చింది. ఆ ఒక్క రోజు గరిష్ఠంలో 3.8 డిగ్రీలు, రోజు సగటులో 1.9 డిగ్రీలు అదనం. వేడి రోజు తర్వాత చల్లటి రోజు వచ్చినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. దీనికి ఎదురు తప్పు ఏదీ లేదు, అందుకే నెలాఖరుకి సగటు ఒకవైపే ఒరుగుతుంది. తెల్లవారగానే చూసేవాళ్లకు ఇదే కథ కనిష్ఠం వైపు నడిచి సగటు తగ్గుతుంది.

ఇది చిన్న విషయం అనుకోకండి. అమెరికాలో స్వచ్ఛంద పరిశీలకులు చాలామంది 20వ శతాబ్దంలో సాయంత్రం చూడడం మాని ఉదయం చూడడం మొదలుపెట్టారు. దాంతో వాతావరణంతో సంబంధం లేకుండానే రికార్డులో కొంత చల్లదనం వచ్చి చేరింది. దాన్ని సరిదిద్దే పద్ధతిని అమెరికా వాతావరణ శాస్త్రవేత్త థామస్ కార్ల్, ఆయన సహచరులు 1986లో ప్రచురించారు.

మీరు చేయగలిగింది సులువు. చూసే వేళను రాత్రి 9కి మార్చండి. అప్పటికి వేడి బాగా దిగిపోయి ఉంటుంది కాబట్టి గరిష్ఠ సూచిక మర్నాటి మధ్యాహ్నాన్ని అడ్డుకోదు. తెల్లవారేసరికి ఇంకా చల్లబడుతుంది కాబట్టి కనిష్ఠమూ సరిగ్గానే పడుతుంది. మార్చిన తేదీ పుస్తకంలో రాసిపెట్టండి. సాయంత్రం రీడింగుల పాత నెలలనూ రాత్రి రీడింగుల కొత్త నెలలనూ పక్కపక్కన పెట్టి ‘వేడి తగ్గింది’ అనుకోకండి. థర్మామీటరు నేల నుంచి 1.25 మీటర్ల నుంచి 2 మీటర్ల లోపు ఎత్తులో ఉందో లేదో కూడా ఒకసారి కొలిచి చూడండి.

ప్రశ్న: సగటు కంటే మధ్యగతం మంచిదని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: వాతావరణ రికార్డుకు సగటే వాడతారు, మీరూ అదే వాడండి. కానీ మధ్యగతాన్ని, అంటే రీడింగులను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా పేర్చితే నడుమ వచ్చే విలువను, కాపలాకి పెట్టుకోవచ్చు. 31.8 బదులు చుక్క మరిచిపోయి 318 కొట్టారనుకోండి. నెల సగటు ఒక్కసారిగా తొమ్మిదిన్నర డిగ్రీలు లేస్తుంది. వరసలో మధ్యన ఉండే విలువ మాత్రం దాదాపు కదలదు. రెండింటి మధ్య అంత ఎడం కనిపిస్తే ముందు టైపింగ్ తప్పు వెతకండి. నిజంగా అసాధారణమైన ఎండ కాసిన రోజును మాత్రం ‘సగటు పాడవుతోంది’ అని తీసేయకండి. అది జరిగింది, లెక్కలో ఉండాల్సిందే.

ప్రశ్న: ‘సాధారణం కంటే 2 డిగ్రీలు ఎక్కువ’ అని వార్తల్లో వింటాం. ఆ సాధారణం అంటే ఏమిటి?

జవాబు: అదీ ఒక సగటే, 30 ఏళ్లది. ఒకటి రెండేళ్లు మరీ వేడిగానో చల్లగానో ఉన్నా 30 ఏళ్లలో అవి సర్దుకుంటాయని ఆ కాలాన్ని ఎంచుకున్నారు. 1935లో వార్సాలో జరిగిన అంతర్జాతీయ వాతావరణ సమావేశం 1901 నుంచి 1930 వరకు ఉన్న కాలాన్ని మొదటి ప్రమాణంగా తీసుకుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991 నుంచి 2020. ఈ ప్రమాణాన్ని పదేళ్లకోసారి ముందుకు జరుపుతారు. కాబట్టి పాత వార్తలోని ‘సాధారణం’, నేటి వార్తలోని ‘సాధారణం’ ఒకే అంకె కాకపోవచ్చు.

ప్రశ్న: నెల మధ్యలో ఏ రోజుకారోజు సగటు తెలుసుకోవాలంటే ప్రతిసారీ మొదటి నుంచి కూడాలా?

జవాబు: అక్కర్లేదు. నిన్నటి దాకా 18 రోజుల సగటు 31.4, ఈరోజు రీడింగు 35.2 అనుకోండి. తేడా 3.8. దాన్ని 19తో భాగిస్తే 0.2. పాత సగటుకు కలిపితే 31.6, అదే ఈనాటి సగటు. రీడింగు పాత సగటు కంటే తక్కువైతే కలపడం బదులు తీసేయాలి. రేపు 20తో, ఎల్లుండి 21తో భాగించుకుంటూ వెళ్లండి. సగటును రెండు దశాంశాల దాకా ఉంచుకోండి. రోజూ ఒక దశాంశానికి కుదిస్తే ఆ కొద్ది కొద్ది తేడాలే పోగవుతాయి. నెలాఖరున మాత్రం ఒకసారి అన్నీ మొదటి నుంచి కూడి సరిచూసుకోండి.